గులాబీరంగు ఇల్లు, ఐదు ఓట్లు

(2025 సెప్టెంబర్ 13, శనివారం సాయంత్రం డాలస్ శివారులోని ఒక లైబ్రరీ గదిలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. సభలోంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నే ఇచ్చాం.)

నమస్కారమండీ. వెనక కూర్చున్న వాళ్లకి వినబడుతోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు ఒక షరతు పెట్టారు. "వచ్చే బుధవారం సెప్టెంబర్ 17, అమెరికా రాజ్యాంగం మీద సంతకాలు పడిన రోజు. దాని గురించి మాట్లాడండి సార్, కానీ రాజకీయాలు వద్దు" అన్నారు. ఉప్పు లేకుండా పులుసు పెట్టమన్నట్టుంది. నేను కన్సర్వేటివ్‌ని అని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అందుకని కాస్త ఉప్పు నేనే వేస్తాను. కారం ప్రశ్నల్లో మీరు వేసుకోండి. (నవ్వులు)

నేను లాయర్ని కాను. టైటిల్ కంపెనీలో, అంటే ఇళ్ల అమ్మకాల్లో హక్కుపత్రాలు సరిచూసే చోట పని చేస్తాను. ఈ గదిలో నా బల్ల ముందు కూర్చుని ఇల్లు కొనే ఆఖరి రోజు క్లోజింగ్ కాగితాల మీద సంతకాలు పెట్టిన వాళ్లు కనీసం పది మంది కనిపిస్తున్నారు. చెయ్యి నొప్పి పుట్టేదాకా పెట్టిస్తాం కదా. పొడుగ్గా ఇంటిపేరుతో సహా రాసే మనవాళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు. ఆఖరి కాగితం అయ్యాక తాళాలు చేతికిస్తే, చాలామంది వెంటనే జేబులో వేసుకోరు. కాసేపు అరచేతిలోనే పెట్టుకుని చూసుకుంటారు. పాతికేళ్లుగా చూస్తున్నాను, ఇది మారలేదు. ఆ తాళం చెయ్యి మన చేతిలో పడ్డాక ఇల్లు మనది. ఎంతవరకు మనది? ఇవాళ నేను మాట్లాడేది అంతే.

అమెరికా రాజ్యాంగానికి ఐదో సవరణ ఉంది, 1791 నాటిది. సినిమాల్లో "ఐ ప్లీడ్ ది ఫిఫ్త్" అంటారే, అదే. దాని చివర పన్నెండు ఇంగ్లీషు పదాలున్నాయి. న్యాయమైన పరిహారం ఇవ్వకుండా ప్రైవేటు ఆస్తిని పబ్లిక్ యూజ్ కోసం తీసుకోకూడదు అని. అంటే ప్రభుత్వం తీసుకోవచ్చు. రెండు కట్టుబాట్లతో తీసుకోవచ్చు. డబ్బివ్వాలి. తీసుకునేది జనం వాడుకునే దానికై ఉండాలి. రోడ్డు, బడి, కాలువ, మిలిటరీ స్థావరం. ఇక్కడ దీన్ని ఎమినెంట్ డొమైన్ అంటారు. మన ఊళ్లో "గవర్నమెంటు వాళ్లు పొలం తీసుకున్నారు" అంటాం.

ఆ "పబ్లిక్ యూజ్" అన్న రెండు మాటలకి ఏమైందో చెప్పాలంటే ఒక ఇంటి దగ్గరికి వెళ్లాలి.

కనెటికట్ రాష్ట్రంలో న్యూ లండన్ అని చిన్న రేవు పట్నం. పక్కన పారే నది పేరు కూడా థేమ్సే. పేర్లు ఘనంగానే ఉన్నాయి గానీ ఊరు చితికిపోయి ఉంది. అక్కడ ఫోర్ట్ ట్రంబుల్ అనే పేటలో నౌకాదళం వాళ్ల కేంద్రం ఒకటి ఉండేది, 1996లో మూసేశారు. మరుసటి ఏడు 1997లో సుజెట్ కీలో అనే పారామెడిక్, అంటే అంబులెన్సులో పని చేసే ఆవిడ, అదే పేటలో నీళ్లకెదురుగా ఒక పాత ఇల్లు కొనుక్కుంది. బాగు చేయించుకుని గులాబీరంగు వేసింది. ఆ పేటలోనే విల్‌హెల్మినా డెరీ అనే పెద్దావిడ ఉండేది. 1918లో ఆ ఇంట్లోనే పుట్టింది. పెళ్లయ్యాక మొగుడు అక్కడికే వచ్చాడు. ఇల్లరికం అనుకోండి. అరవై ఏళ్ల కాపురం ఆ ఇంట్లోనే.

1998లో ఫైజర్ మందుల కంపెనీ ఆ పేట పక్కనే పెద్ద పరిశోధన కేంద్రం కడతామంది. ముప్ఫై కోట్ల డాలర్ల మాట. ఊరికి ప్రాణం లేచొచ్చింది. ఊరి తరఫున ఒక అభివృద్ధి సంస్థ ఉంది. అది ప్రభుత్వ శాఖ కాదు, జనం ఓటేసి ఎన్నుకున్నదీ కాదు. ఆ సంస్థ తొంభై ఎకరాలకి ప్లాను గీసింది. హోటలు, ఆఫీసులు, కొత్త ఇళ్లు, పడవలు కట్టేసుకునే మరీనా. వెయ్యికి పైగా ఉద్యోగాలొస్తాయి, ఊరికి పన్నులు పెరుగుతాయి అన్నారు. ఆ తొంభై ఎకరాల్లో నూట పదిహేను ప్రైవేటు ఆస్తులున్నాయి. చాలామంది అమ్ముకుని వెళ్లిపోయారు. తొమ్మిది మంది కదలం అన్నారు. వాళ్ల ఇళ్లు పాడుబడ్డాయని గానీ, రోగాలు పుట్టిస్తున్నాయని గానీ ఎవరూ అనలేదు. ప్లానులో పడ్డాయి, అంతే.

2000 నవంబర్‌లో, థాంక్స్‌గివింగ్ పండగ ముందురోజు, ఇళ్ల తలుపులకి నోటీసులు అతికించారు. మన దగ్గరైతే సంక్రాంతికి ముందు భోగి నాడు అన్నమాట.

ఇక్కడొకటి గమనించండి. తీసుకున్న భూమిని ప్రైవేటు డెవలపర్‌కి 99 ఏళ్ల లీజుకివ్వాలని ఆలోచన. ఏడాదికి ఒక్క డాలరు అద్దె. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, దానికింతకన్నా చక్కటి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ తొమ్మిది మంది కోర్టుకెక్కారు. రాష్ట్ర సుప్రీంకోర్టులో నాలుగు మూడు తేడాతో ఓడిపోయారు. 2005 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఆ రోజు వాదనల్లో జస్టిస్ శాండ్రా డే ఓకానర్ ఊరి తరఫు లాయర్ని చాలా మామూలు ప్రశ్న ఒకటి అడిగింది. ఒక ఊళ్లో మోటెల్ సిక్స్ అనే చవక మోటెల్ ఉంది, దాని స్థానంలో రిట్జ్ కార్ల్‌టన్ అనే ఖరీదైన హోటల్ వస్తే ఎక్కువ పన్నులొస్తాయని ఊరివాళ్లు అనుకున్నారు, తీసుకోవచ్చా? తీసుకోవచ్చన్నాడు. కన్సర్వేటివ్ జడ్జి స్కాలియా ఇంకా సూటిగా అడిగాడు. ఫలానా ఎ దగ్గర లాక్కుని బి కిచ్చెయ్యొచ్చా, బి ఎక్కువ పన్ను కడతాడని? బాగా ఎక్కువైతే ఇవ్వొచ్చన్నాడు లాయరు.

మోటెల్ సిక్స్ అనగానే ఈ గదిలో కొందరు సర్దుకుని కూర్చున్నారు. (నవ్వులు) ఈ దేశంలో మోటెళ్లు నడిపే వాళ్లలో మన భారతీయులు ఎంతమందో నేను చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి లేచి గది తాళాలిచ్చి, భార్యాభర్తలే పక్కలు మార్చి, పిల్లల్ని డాక్టర్లని చేసిన వాళ్లు. వాళ్ల కష్టార్జితం పక్కవాడి పన్ను లెక్కలో తేలిపోవచ్చు అన్నమాట.

2005 జూన్ 23న తీర్పొచ్చింది. ఐదు, నాలుగు. ఊరిదే గెలుపు. జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ రాశాడు. పబ్లిక్ యూజ్ అంటే జనం నిజంగా వాడుకోవాలని లేదు, జనానికి మేలు చేసే ఉద్దేశం ఉంటే చాలు అన్నాడు. ఇది ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1954లో వాషింగ్టన్ మురికివాడల కేసులోనూ, 1984లో హవాయి భూముల కేసులోనూ కోర్టు ఆ దారిలోనే నడిచింది. ఆ 1984 తీర్పు రాసింది ఎవరనుకుంటున్నారు? ఈ ఓకానరే. ఇప్పుడు అసమ్మతి తీర్పులో అప్పటి మాటలు కొన్ని తూకం తప్పాయని ఆవిడే ఒప్పుకోవాల్సి వచ్చింది. నాకు ఆవిడ మీద గౌరవం అక్కడే పెరిగింది. ఇకనుంచి ఏ ఇంటి స్థానంలో షాపింగ్ మాల్ వచ్చినా, ఏ పొలం స్థానంలో ఫ్యాక్టరీ వచ్చినా అడ్డేమీ లేదు అని రాసింది.

జస్టిస్ క్లారెన్స్ థామస్ విడిగా ఇంకో అసమ్మతి రాశాడు. మీలో ఆయనంటే పడని వాళ్లున్నారని తెలుసు. ఒక్కసారి అది చదవండి. 1954 కేసులో మురికివాడ పేరుతో ఖాళీ చేయించిన వాళ్లలో నూటికి తొంభై ఏడు మంది నల్లవాళ్లే అని లెక్క చూపించాడు. అర్బన్ రెన్యువల్ అనే ముద్దుపేరుతో ఊళ్లకి ఊళ్లు నల్లవాళ్ల పేటల్ని తుడిచేశారని, జనం దాన్ని నీగ్రో రిమూవల్ అని పిలుచుకున్నారని రాశాడు. పేదవాడికి ఓటు బలం ఉండదు, లాబీ బలం ఉండదు, అందుకే రాజ్యాంగంలో ఆ మాటలు పెట్టారు అని ఆయన వాదన. ఇళ్లలో ఉన్న పౌరులకి ప్రభుత్వం నుంచి రక్షణ ఉంది గానీ, ఆ ఇళ్లకే రక్షణ లేకుండా పోయింది అన్నాడు.

అంటే ఏం జరిగిందో చూడండి. పెద్ద మందుల కంపెనీ, పెద్ద డెవలపర్ల పక్షాన ఎక్కువగా లిబరల్ జడ్జీలు. అంబులెన్సులో పని చేసే వాళ్ల పక్షాన, ముసలివాళ్ల పక్షాన, పేద నల్లవాళ్ల పక్షాన కన్సర్వేటివ్ జడ్జీలు. టీవీలో చెప్పే కథకి ఇది తలకిందులు.

ఇప్పుడు మా ఇబ్బంది చెప్తాను. మా వాళ్ల సభల్లో ఇది ఎవరూ ఎత్తరు.

దశాబ్దాలుగా మా కన్సర్వేటివ్‌ల పాట ఒకటే. జడ్జీలు హద్దులో ఉండాలి, ఎన్నికైన వాళ్ల నిర్ణయాలకి అడ్డం రాకూడదు. న్యూ లండన్‌లో స్టీవెన్స్ చేసింది అక్షరాలా అదే కదా! సిటీ కౌన్సిల్ నిర్ణయించింది, రాష్ట్రం ఒప్పుకుంది, మేమెవరం కాదనడానికి అన్నాడు. అంతేకాదు, ఆ ఆగస్టులో లాస్ వేగస్‌లో లాయర్ల సభలో మాట్లాడుతూ, నేను చట్టసభ సభ్యుణ్ణయితే ఇలాంటి పనిని వ్యతిరేకించేవాణ్ణి, కానీ జడ్జిగా నా ఇష్టాయిష్టాలతో పని లేదు అన్నాడు. ఈ మాట స్కాలియా నోట వచ్చి ఉంటే మేమంతా లేచి చప్పట్లు కొట్టేవాళ్లం. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది మాకు.

ఈ చిక్కు గురించి నేను చాలాకాలం ఆలోచించాను. నాకు తోచింది ఇది. జడ్జి వినయంగా ఉండాల్సింది ప్రభుత్వం ముందు కాదు, రాసిన మాట ముందు. రాజ్యాంగంలో లేని మాటని చేర్చడం ఎంత తప్పో, ఉన్న మాటని చెరిపెయ్యడం కూడా అంతే తప్పు. "యూజ్" అని రాసి ఉంటే "పర్పస్" అని చదివితే, పేరుకి అది వినయమే గానీ, ఒక మాట కొట్టేసినట్టే. మా టైటిల్ ఆఫీసులో డీడ్‌లో అంటే ఇంటి దస్తావేజులో ఒక్క మాట నాకు నచ్చినట్టు చదివానంటే సాయంత్రానికి నా ఉద్యోగం ఉండదు. కంచె చేను మేస్తుంటే, నేను కంచెకి గౌరవం ఇస్తున్నాను అనడం కాపలావాడి పని కాదు కదండీ.

సరే, తీర్పు తరవాత ఏమైంది? దేశం భగ్గుమంది. ఎడమా లేదు, కుడీ లేదు. వారం తిరక్కుండానే ప్రతినిధుల సభ తీర్పుని తప్పుపడుతూ 365కి 33 ఓట్లతో తీర్మానం చేసింది. ఈ రోజుల్లో పోస్టాఫీసుకి పేరు పెట్టడానికి తప్ప అన్ని ఓట్లు పడవు. తీర్పుతో ఏకీభవించిన జస్టిస్ సూటర్‌కి న్యూ హాంప్‌షైర్‌లో పాత పొలం ఇల్లు ఉండేది. కాలిఫోర్నియా నుంచి ఒకాయన, ఆ ఇంటిని ఎమినెంట్ డొమైన్ కింద తీసుకోండి, నేను హోటల్ కడతాను, మీకు పన్నులు పెరుగుతాయి అని ఆ ఊరికి అర్జీ పెట్టుకున్నాడు. ఊరివాళ్లు ఓటు పెట్టి కాదన్నారు. పెద్దమనుషులు. తీర్పిచ్చినాయన పట్ల ఆ తీర్పుకన్నా మర్యాదగా నడుచుకున్నారు.

స్టీవెన్స్ తీర్పులోనే ఒక వాక్యం ఉంది, రాష్ట్రాలు కావాలంటే ఇంకా గట్టి కట్టుబాట్లు పెట్టుకోవచ్చు అని. నలభైకి పైగా రాష్ట్రాలు పెట్టుకున్నాయి. కొన్ని గట్టివి, కొన్ని కంటితుడుపువి. మన టెక్సాస్ 2005లోనే చట్టం చేసింది, ఆర్థికాభివృద్ధి పేరుతో ఇళ్లు తీసుకోకూడదని. కానీ అందులో ఒక సందు వదిలారు. అప్పటికే ఓటర్లు ఒప్పుకున్న స్టేడియాలకి ఇది వర్తించదు అని. ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ఆడే స్టేడియం ఉందే, దానికోసం. ఆ స్టేడియంకి స్థలం కోసం ఇళ్లు తీసుకున్నారు. ఇక్కడ కూర్చున్న వాళ్లలో సీజన్ టికెట్లున్న వాళ్లున్నారు, నాకు తెలుసు. (నవ్వులు) నేను కూడా వెళ్లాను లెండి, రెండు సార్లు. సీటు బాగుంది. టెక్సాస్‌లో సిద్ధాంతం ఎంత గట్టిదైనా ఫుట్‌బాల్ ముందు నిలవదు.

ఇంకో మాట చెప్తాను, దీనికి మా వాళ్లే నామీద కోప్పడతారు. అట్లాంటిక్ సిటీలో వేరా కోకింగ్ అని ఒక పెద్దావిడకి మూడంతస్తుల పాత ఇల్లు ఉండేది. పక్కన ట్రంప్ గారి క్యాసినో. లిమజీన్ కార్లు నిలుపుకోవడానికీ, పచ్చికకీ ఆవిడ స్థలం కావాలి. ఆవిడ అమ్మలేదు. న్యూ జెర్సీ రాష్ట్ర సంస్థ ఎమినెంట్ డొమైన్‌తో తీసుకోబోయింది. 1998లో జడ్జి ఆపేశాడు. తీసుకున్నాక ఆ స్థలంలో ట్రంప్ ఏం చేసుకున్నా అడిగే కట్టుబాటేదీ లేదు కాబట్టి ఇది చెల్లదన్నాడు. తరవాత 2005లో న్యూ లండన్ తీర్పు వచ్చినప్పుడు, కుడిపక్షం అంతా తిట్టిపోస్తుంటే, ట్రంప్ టీవీలో నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటున్నానన్నాడు. 2016లో న్యూ హాంప్‌షైర్ డిబేట్‌లో అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీ పడుతున్న జెబ్ బుష్ ఈ వేరా కోకింగ్ సంగతి ఎత్తితే కూడా ఎమినెంట్ డొమైన్‌ని సమర్థించుకున్నాడు. సుప్రీంకోర్టులో ట్రంప్ పెట్టిన జడ్జీలు ముగ్గురూ మంచివాళ్లే అని నా అభిప్రాయం. కానీ ఆస్తి హక్కు విషయంలో ఆయన మా వాడు కాదు. మా రిపబ్లికన్ పార్టీ అనే కారణంగా దాన్ని దాటెయ్యమంటే నేను దాటెయ్యను.

మళ్లీ న్యూ లండన్‌కి వెళ్దాం. 2006లో గవర్నర్ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. డెరీ గారు ఆ ఏడే, ఆ ఇంట్లో ఉండగానే పోయారు. కీలో డబ్బు తీసుకుని కదిలింది. పేటంతా చదును చేశారు. హోటలు రాలేదు. మరీనా రాలేదు. డెవలపర్‌కి అప్పు పుట్టలేదు. 2009లో ఫైజర్ వాళ్లు న్యూ లండన్ కేంద్రం మూసేస్తున్నాం, ఉద్యోగాలు నది అవతల గ్రోటన్‌కి మారుస్తున్నాం అన్నారు. పధ్నాలుగు వందల ఉద్యోగాలు. మొత్తం జనం డబ్బు ఏడు కోట్ల ఎనభై లక్షల డాలర్ల దాకా అయిందని పత్రికలు రాశాయి. 2011లో ఐరీన్ తుఫాను వచ్చినప్పుడు విరిగిపడ్డ చెట్ల కొమ్మలు పారబోసుకోవడానికి ఆ స్థలం వాడుకున్నారు. ఇరవై ఏళ్లకి ఇప్పుడిప్పుడే ఏవో కట్టడాలు లేస్తున్నాయి. మధ్య కాలంలో అక్కడ కాపురమున్నవి ఊరపిల్లులు.

ఆ పిల్లుల ఫోటో పేపర్లో చూసినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చారు. గుంటూరు జిల్లాలో మాకు రోడ్డు వారన రెండెకరాలుండేది. మినుము, పెసర. నేను కాలేజీలో ఉండగా ఒక పారిశ్రామిక వాడ కోసమని తీసుకున్నారు. ఎవరు తీసుకున్నారనేది ఇప్పుడనవసరం, ఆ ఆఫీసు వాళ్లూ రూలు ప్రకారమే చేశారు. 1894 నాటి చట్టం. ప్రజాప్రయోజనం అని ప్రభుత్వం అంటే ప్రజాప్రయోజనమే, ఎదురు లేదు. ఇచ్చిన డబ్బు చాలలేదని పరిహారం పెంపు కోసం నాన్న కోర్టుకి తిరిగారు. సంచిలో పట్టాదారు పాస్‌పుస్తకం, ఒక పాత శిస్తు రసీదు, టిఫిన్ డబ్బా. వాయిదా పడినప్పుడల్లా బస్టాండులో మాకోసం జంతికల పొట్లం కొనుక్కొచ్చేవారు. అందుకని మాకు వాయిదాలంటే ఇష్టం. పెంపు ఉత్తర్వు వచ్చేసరికి నేను ఈ దేశం వచ్చేశాను. ఆ రెండెకరాల్లో సర్కారు ఏమీ కట్టలేదు. సర్కారు తుమ్మ మాత్రం ఏపుగా పెరిగింది. (నవ్వులు)

నవ్వారు గానీ, మన దేశంలో ఆస్తి హక్కు 1978 దాకా ప్రాథమిక హక్కు. 44వ సవరణతో దాన్ని ఆ జాబితాలోంచి తీసేసి 300ఎ అధికరణంలో పెట్టారు. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదు అని. చట్టం చేసేదీ, తీసుకునేదీ ఒకరే అయినప్పుడు ఆ రక్షణ ఎంతో మీరే ఆలోచించండి. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా. జమీందారీలు పోవాలని, పేదలకి భూమి అందాలని ఆ రోజుల్లో ఆస్తి హక్కుని మెలితిప్పారు. ఆ బాధ నిజమైనదే, నేను కాదనను. కానీ జమీందారు కోసం చేసిన కత్తి రెండెకరాల రైతు మెడ మీదికే ఎక్కువసార్లు వచ్చింది. తరవాత 2013 చట్టంలో ప్రైవేటు కంపెనీల కోసమైతే నూటికి ఎనభై మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే డెబ్భై మంది భూములు పోయేవాళ్లు ఒప్పుకోవాలని పెట్టారు. ఇలాంటి ఒప్పుదల నిబంధన అమెరికా రాజ్యాంగంలో లేదు. ఒక్క విషయంలో మన పార్లమెంటు ఈ దేశం కన్నా ముందుందని ఒక కన్సర్వేటివ్ ఒప్పుకుంటున్నాడు, రాసుకోండి.

ఈ మధ్య కోర్టు సంగతి కాస్త చెప్పి ఆపేస్తాను. 2023లో మినెసోటా నుంచి ఒక కేసొచ్చింది. తొంభై నాలుగేళ్ల ముసలావిడ, పేరు జెరాల్డిన్ టైలర్. కాండో, అంటే సొంత ఫ్లాటు మీద ప్రాపర్టీ టాక్స్ బాకీ, వడ్డీలూ జరిమానాలూ కలిపి పదిహేను వేల డాలర్లయింది. కౌంటీ వాళ్లు కాండో నలభై వేలకి అమ్మి, బాకీ పోను మిగిలిన పాతిక వేలూ కూడా వాళ్లే ఉంచుకున్నారు. సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది, కుదరదు పొమ్మంది. సీజరుది సీజరుకివ్వాలి, అంతకు మించి కాదు అని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాశాడు. ఏటా మే పదిహేను లోపల ప్రాపర్టీ టాక్స్ తగ్గించమని ప్రొటెస్ట్ వేసే మనవాళ్లందరికీ ఆ వాక్యం ఫ్రేము కట్టించి ఇవ్వాలని ఉంది నాకు.

కానీ న్యూ లండన్ తీర్పు మాత్రం ఇంకా చెల్లుబాటులోనే ఉంది. 2021లో షికాగో నుంచి అలాంటి కేసే వస్తే కోర్టు విననంది. విందామన్నది ముగ్గురే, థామస్, గోర్సచ్, కవనా. ఆరుగురు కన్సర్వేటివ్ జడ్జీలున్న కోర్టది. ఇంకో ఓటు దొరకలేదు. నాలుగు ఓట్లుంటే కేసు విచారణకొస్తుంది. మిగతా ముగ్గురు ఎందుకు ఊరుకున్నారో నాకు తెలియదు, వాళ్లు చెప్పలేదు.

అడగండి.

(సభలోంచి ఒక యువతి: "అంకుల్, 2022లో డాబ్స్ కేసులో అబార్షన్ సంగతి రాష్ట్రాలకే వదిలేశారు. దానికి మీరు సంతోషించారు. కీలో కేసులో కూడా రాష్ట్రాలకే వదిలేశారు. దానికి కోప్పడుతున్నారు. ఆడవాళ్ల ఒంటికి లేని రక్షణ ఇంటికి ఎందుకు?")

మంచి ప్రశ్న అమ్మా. మా అమ్మాయి కూడా భోజనాల బల్ల దగ్గర ఇదే అడిగింది, ఇంకొంచెం గట్టిగా. నా జవాబు ఇందాక చెప్పిందే. పబ్లిక్ యూజ్ అన్న మాట రాజ్యాంగంలో రాసి ఉంది. అబార్షన్ అన్న మాట లేదు. రాసి ఉన్న చోట కోర్టు నిలబడాలి, లేని చోట ఓటర్లు తేల్చుకోవాలి. "పద్నాలుగో సవరణలో లిబర్టీ అనే మాట ఉంది కదా, అది రాసింది కాదా?" అని నువ్వంటావు. మా అమ్మాయీ అంది. ఉంది. ఆ మాట ఎంత దూరం సాగుతుందనే దగ్గరే మన తగాదా అంతా. అంత పెద్ద మాటలో తొమ్మిది మంది ఎవరికి తోచింది వాళ్లు నింపుకుంటే, రేపు నీకు నచ్చనివాళ్లు ఐదుగురు కూర్చున్నప్పుడు వాళ్లూ నింపుతారు. నేను నిన్ను ఒప్పించలేకపోవచ్చు. మా ఇంట్లోనే ఒప్పించలేదు.

(మరో ప్రశ్న: "సార్, మేం హెచ్ వన్ ఉద్యోగ వీసా మీద ఉన్నాం. జనవరిలో ఇచ్చిన బర్త్‌రైట్ సిటిజన్‌షిప్ ఆర్డర్ సంగతి? మీ లెక్కలో రాసిన మాట అక్కడేమంటోంది?")

ఇది వస్తుందని తెలుసు. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఆదేశం ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో కాకపోతే, ఇక్కడ పుట్టినా పౌరసత్వం లేదు. మీలో ఎంతమందికి డెలివరీ తేదీ దగ్గర్లో ఉందో, రాత్రిళ్లు నిద్ర లేకుండా ఉన్నారో నాకు తెలుసు. పద్నాలుగో సవరణ ఏమంటోంది? ఇక్కడ పుట్టి, ఈ దేశ చట్టపరిధిలో ఉన్నవాళ్లందరూ పౌరులు అంటోంది. హెచ్ వన్ మీద ఉన్నవాడు చట్టపరిధిలో లేడా? స్పీడింగ్ టికెట్ రాస్తే కట్టడం లేదా? 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో, చైనా తల్లిదండ్రులకి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన కుర్రాడు పౌరుడే అని కోర్టు తేల్చింది. వాళ్లు ఇక్కడ స్థిరంగా కాపురమున్నవాళ్లు కదా అని ఆ ఆదేశం సమర్థించే వాళ్ల వాదన. అది వాదనే, తీసెయ్యను. కానీ మాటని మాటగా చదవమని ఇందాకటి నుంచి గొంతు చించుకున్నవాణ్ణి, ఇక్కడికి రాగానే కళ్లజోడు మార్చుకోలేను. ఈ ఆదేశాన్ని మొదట ఆపిన సియాటిల్ జడ్జి రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ పెట్టినాయన. నిలువునా రాజ్యాంగ విరుద్ధం అన్నాడు. 2025 సెప్టెంబర్ నాటికి ఆదేశం అమల్లోకి రాలేదు, కోర్టుల్లో నడుస్తూ ఉంది. మీ లాయర్ని అడగండి, నన్నూ వాట్సాప్ గ్రూపునీ కాదు.

(వెనకనుంచి ఒక పెద్దాయన: "బాబూ, అమరావతి సంగతి చెప్పకుండా పోతున్నావే!")

తప్పించుకుందామనుకున్నాను మాస్టారూ. (నవ్వులు) ఆ 29 ఊళ్ల వాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. అది భూసేకరణ కాదు, సమీకరణ. రైతులు ముప్ఫై వేల ఎకరాలకి పైగా ఇచ్చి, తిరిగి ప్లాట్లూ, ఏటా కౌలూ తీసుకునే ఒప్పందం. ఇష్టపడి ఇచ్చినవాళ్లున్నారు, ఇవ్వకపోతే ఎలాగూ తీసుకుంటారని ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మా బావమరిది మొదటి రకం, వాళ్ల వియ్యంకుడు రెండో రకం. పెళ్లిలో ఇద్దర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టలేదు. ప్రభుత్వం మారగానే ప్లాను మారితే, భూమి ఇచ్చేసినవాడు ఎవరిని నిలదీయాలి అన్నది మాత్రం న్యూ లండన్ ప్రశ్నే. అంతకన్నా ఇవాళ నన్నడక్కండి, ఇంటికి వెళ్లాలి.

(ఒకరు: "ఆ గులాబీరంగు ఇల్లు ఏమైందండీ? కూలగొట్టేశారా?")

లేదండీ. పాత ఇళ్లంటే ప్రాణమిచ్చే ఒకాయన దాన్ని ఒక్క డాలరుకి కొన్నాడు. చెక్కముక్కలుగా విప్పి, ఊరి మధ్యకి తీసుకెళ్లి, ఫ్రాంక్లిన్ వీధిలో మళ్లీ బిగించాడు. 2008లో అయింది. ఇప్పటికీ ఉంది. రంగు అదే. కాకపోతే ఎదురుగా నీళ్లు లేవు.

లైబ్రరీ అమ్మాయి గాజు తలుపు దగ్గర నిలబడి గడియారం చూపిస్తోంది. ఆరింటికి ఖాళీ చెయ్యాలి. ఈ గది అసలు సిసలు పబ్లిక్ యూజ్, ఇక్కడ మనకే హక్కూ లేదు. ఆ కుర్చీలు మడత పెట్టండి బాబూ, టీ గ్లాసులు చెత్తబుట్టలో.